దాగిన లోపం (స్థిరాస్తి విక్రయం)

స్థిరాస్తి విక్రయంలో దాగిన లోపం అనగా, అమ్మే నాటికే ఆస్తిలో గానీ దానిపై అమ్మకందారుకు గల హక్కులో గానీ ఉండి, కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో పరిశీలించినా బయటపడని లోపం. దూలాల లోపల వ్యాపించిన చెదలు, కొత్త రంగు కింద కప్పిపెట్టిన గోడ పగుళ్ళు, పూడ్చిన కుంటపై లేచిన ఇల్లు, అధికారులు అదివరకే ఇచ్చిన కూల్చివేత నోటీసు మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. కొనుగోలు పూర్తయిన తరువాత ఇటువంటి లోపం బయటపడితే ఆ నష్టాన్ని ఎవరు భరించాలనే ప్రశ్న చాలా ప్రాచీనమైనది.

అమ్మకపు ఒప్పందాలలో "ఆస్తిని ఉన్నది ఉన్నట్లుగా అమ్మడమైనది" అనే షరతు తరచుగా కనిపిస్తుంది. ఈ షరతు ఉంటే అమ్మకందారుకు ఏ బాధ్యతా ఉండదని చాలామంది భావిస్తారు. అది పూర్తిగా సరికాదు. ఇరుపక్షాలకూ తెలియని లోపాల వలన కలిగే నష్టాన్ని ఈ షరతు కొనుగోలుదారుపైకి మార్చగలదు. కానీ అమ్మకందారు తనకు తెలిసి, చెప్పవలసి ఉండి దాచిన లోపానికి ఈ షరతు సాధారణంగా రక్షణ కాదు. భారతదేశంలోనూ, అమెరికాలోని అనేక రాష్ట్రాలలోనూ, ఐరోపాలోని ముఖ్యమైన పౌరస్మృతులలోనూ ఈ భేదం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

లోపాలలో రకాలు

న్యాయశాస్త్రంలో ఆస్తి లోపాలను రెండు విధాలుగా విభజిస్తారు.

కనిపించే లోపం: ఆస్తిని చూసినవారు ఎవరైనా గుర్తించగలిగినది. విరిగిన తలుపు, కురుస్తున్న పైకప్పు కింద స్పష్టంగా కనిపించే తేమ మరకలు, ఇంటి మీదుగా పోయే విద్యుత్ తీగలు ఇటువంటివి. వీటిని చూసి కూడా కొన్నవారు తరువాత ఫిర్యాదు చేయడానికి అవకాశం తక్కువ.

దాగిన లోపం: మామూలు పరిశీలనకు అందనిది. ఇది తిరిగి రెండు రకాలు. పునాది కుంగడం, భూగర్భంలోని మురుగు గొట్టం పగిలి ఉండడం వంటివి భౌతిక లోపాలు. నమోదు కాని తనఖా, వారసులలో ఒకరి వాటా మిగిలి ఉండడం, భూసేకరణ నోటీసు, స్థలానికి సొంత దారి లేకపోవడం వంటివి హక్కుకు సంబంధించిన లోపాలు.

లోపం దాగినదా, కనిపించేదా అనేది అన్ని సందర్భాలలోనూ సులభంగా తేలదు. గోడపై తేమ మరక కనిపించేదే. కానీ దాని గురించి కొనుగోలుదారు అడిగినప్పుడు "అది పాత మరక, ఎప్పుడో బాగు చేయించాము" అని అమ్మకందారు అబద్ధం చెబితే, ఆ మరక వెనుక ఉన్న అసలు లోపం మళ్ళీ దాగినట్లే అవుతుంది.

చరిత్ర

ప్రాచీన భారతదేశం

ధర్మశాస్త్రాలు క్రయవిక్రయ వివాదాలను వ్యవహార పదాలలో భాగంగా చర్చించాయి. నాసిరకం వస్తువును మంచిదని గానీ, ఒకదానిని మరొకదానితో కలిపి గానీ, కప్పిపెట్టి గానీ అమ్మరాదని మనుస్మృతి 8వ అధ్యాయం చెబుతుంది. కొన్న తరువాత గానీ అమ్మిన తరువాత గానీ పశ్చాత్తాపపడినవారు 10 రోజులలోగా వస్తువును తిరిగి ఇవ్వవచ్చు లేదా తీసుకోవచ్చునని కూడా అదే అధ్యాయంలో ఉంది. నారదస్మృతి "క్రీతానుశయం" అనే పేరుతో, అనగా కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపం గురించి, ఒక ప్రత్యేక ప్రకరణాన్ని కేటాయించింది.

ఇళ్ళు, పొలాల విక్రయం విషయంలో కౌటిల్యుని అర్థశాస్త్రం మరొక పద్ధతిని సూచించింది. ఇరుగుపొరుగు కుటుంబాలవారి సమక్షంలో ఆస్తి హద్దులను ఉన్నవి ఉన్నట్లుగా ప్రకటించి, ధరను మూడుసార్లు బిగ్గరగా చెప్పి అమ్మాలి. ఆ ఆస్తిపై ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడే బయటపడుతుందని దీని ఉద్దేశం.

రోము

రోమన్ రాజనీతిజ్ఞుడు సిసిరో క్రీ.పూ. 44లో రాసిన "దే ఆఫీకియీస్" గ్రంథం మూడవ భాగంలో ఒక ఇంటి విక్రయ వివాదాన్ని వివరించాడు. కేలియస్ కొండపై క్లాడియస్ కెంటుమలస్ అనే వ్యక్తికి ఎత్తైన భవనం ఉండేది. పక్షి శకునాలు చూసే పురోహితుల దృష్టికి అది అడ్డుగా ఉన్నందున, అడ్డు వచ్చే భాగాన్ని కూల్చివేయవలసిందిగా వారు అతనిని ఆదేశించారు. అతడు ఆ ఆదేశం సంగతి చెప్పకుండా భవనాన్ని అమ్మకానికి పెట్టగా, కల్పూర్నియస్ లనారియస్ అనే వ్యక్తి కొన్నాడు. పురోహితులు కొత్త యజమానికి కూడా అదే ఆదేశం ఇచ్చారు. అతడు భవనాన్ని కూల్చిన తరువాత, అమ్మినవానికి ఆ ఆదేశం ముందే తెలుసునని తెలుసుకొని వివాదాన్ని న్యాయనిర్ణేత ముందుకు తీసుకువెళ్ళాడు. న్యాయనిర్ణేత మార్కస్ కేటో. ప్రసిద్ధుడైన చిన్న కేటోకు ఇతడు తండ్రి. అమ్మే సమయానికి ఆ విషయం తెలిసి కూడా చెప్పనందువలన, కొన్నవానికి కలిగిన నష్టాన్ని అమ్మినవాడే భరించాలని అతడు తీర్పు చెప్పాడు.

ఆ భవనంలో కట్టడపు లోపం ఏదీ లేదు. లోపమంతా ఒక నోటీసులో ఉంది. ఆ నోటీసు గురించి తెలిసినవాడు అమ్మకందారు ఒక్కడే. నేటికీ ఈ తరహా వివాదాలలో న్యాయస్థానాలు ప్రధానంగా పరిశీలించేది ఈ జ్ఞానంలోని తేడానే.

ఇంగ్లండు

ఇంగ్లండు న్యాయవ్యవస్థ "కేవియట్ ఎంప్టార్" అనే లాటిన్ సూత్రాన్ని అనుసరించింది. కొనేవాడే జాగ్రత్త పడాలని దీని అర్థం. 1603లో తేలిన ఛాండెలర్ - లోపస్ కేసు ఈ సూత్రానికి తొలి ఉదాహరణలలో ఒకటి. ఒక స్వర్ణకారుడు ఒక రాయిని విషహరమైన బెజోవార్ రాయి అని చెప్పి 100 పౌన్లకు అమ్మాడు. అది బెజోవార్ కాదని తేలినా, అమ్మినవాడు స్పష్టమైన హామీ ఇవ్వలేదు కనుక బాధ్యత లేదని న్యాయస్థానం నిర్ణయించింది. కాలక్రమంలో ఈ సూత్రపు కాఠిన్యం తగ్గింది. అబద్ధం చెప్పడం, లోపాన్ని కప్పిపెట్టడం బాధ్యతకు కారణాలయ్యాయి. అయితే కేవలం మౌనంగా ఉండడం తప్పు కాదనే భావన మాత్రం చాలాకాలం నిలిచింది.

భారతదేశంలో చట్టం

ఆస్తి బదిలీ చట్టం, 1882

స్థిరాస్తి విక్రయంలో ఇరుపక్షాల హక్కులను, బాధ్యతలను ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను వివరిస్తుంది. ఇందులో అమ్మకందారుకు మొట్టమొదటగా చెప్పిన బాధ్యత లోపాలను వెల్లడించడం. 55(1)(ఎ) ప్రకారం ఈ బాధ్యత ఏర్పడడానికి నాలుగు అంశాలు ఉండాలి.

1. లోపం ఆస్తిలో గానీ, అమ్మకందారు హక్కులో గానీ ఉండాలి.
2. అది ముఖ్యమైన లోపం అయి ఉండాలి. ముందే తెలిసి ఉంటే కొనుగోలుదారు కొనకపోవడమో, ఆ ధరకు ఒప్పుకోకపోవడమో జరిగేటంతటి లోపమని సాధారణంగా అర్థం చేసుకుంటారు.
3. అది అమ్మకందారుకు తెలిసి ఉండాలి, కొనుగోలుదారుకు తెలియకూడదు.
4. కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో దానిని కనుగొనలేకపోవాలి.

ఈ నాలుగూ ఉన్నప్పుడు లోపాన్ని వెల్లడించకపోవడం మోసమేనని 55వ సెక్షను చివరి భాగం స్పష్టంగా చెబుతుంది. స్థిరాస్తి విషయంలో భారత చట్టం ఇంగ్లండు పాత సూత్రం కంటే ముందుకు వెళ్ళినది ఇక్కడే.

కొనుగోలుదారుకు కూడా ఇటువంటి బాధ్యతే ఉంది. ఆస్తిలో అమ్మకందారుకు గల హక్కు స్వభావం గురించి, పరిధి గురించి అమ్మకందారుకే తెలియని, ఆస్తి విలువను పెంచే విషయం కొనుగోలుదారుకు తెలిసినట్లయితే దానిని వెల్లడించాలని 55(5)(ఎ) చెబుతుంది.

మౌనం ఎప్పుడు మోసం అవుతుంది?

భారత ఒప్పందాల చట్టం, 1872 లోని 17వ సెక్షను ప్రకారం కేవలం మౌనం మోసం కాదు. అయితే మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు అది మోసమవుతుంది. చట్టమే గుర్రం ఉదాహరణతో దీనిని వివరించింది. లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్మేవాడు ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. కొనేది అప్పుడే యుక్తవయసు వచ్చిన అతని కుమార్తె అయితే, వారి సంబంధాన్ని బట్టి చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. "నీవు కాదనకపోతే గుర్రం మంచిదనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం.

గుర్రం అమ్మేవానికి సాధారణంగా లేని ఈ బాధ్యత ఇల్లు అమ్మేవానికి ఉంది. కారణం, 55వ సెక్షను అతనిపై మాట్లాడవలసిన బాధ్యతను నేరుగా మోపడమే. కనుక ఈ రెండు చట్టాలనూ కలిపి చదవాలి.

మోసం వలన గానీ తప్పుడు వివరణ వలన గానీ ఏర్పడిన ఒప్పందాన్ని మోసపోయిన పక్షం రద్దు చేసుకోవచ్చునని 19వ సెక్షను చెబుతుంది. లేదా ఒప్పందాన్ని నిలుపుకొని, చెప్పిన మాట నిజమై ఉంటే తాను ఏ స్థితిలో ఉండేవాడో ఆ స్థితిని కల్పించమని కోరవచ్చు. ఎస్టేటుపై ఏ భారమూ లేదని మోసపూరితంగా చెప్పి అమ్మిన తరువాత తనఖా బయటపడితే, కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, లేదా తనఖా విడిపించి విక్రయాన్ని పూర్తి చేయమని పట్టుబట్టవచ్చు అనేది ఆ సెక్షనులోని ఉదాహరణ.

సాధారణ జాగ్రత్త

కొనుగోలుదారు పూర్తిగా నిర్లక్ష్యంగా ఉంటే చట్టం అతనికి తోడ్పడదు. 19వ సెక్షనులోని మినహాయింపు ప్రకారం, మోసపూరిత మౌనం వలన ఏర్పడిన ఒప్పందమైనా, సాధారణ శ్రద్ధతో నిజాన్ని తెలుసుకునే అవకాశం కొనుగోలుదారుకు ఉన్నట్లయితే, దానిని రద్దు చేయడం కుదరదు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షను కూడా, చట్టప్రకారం రిజిస్టరు కావలసిన పత్రం రిజిస్టరు అయి ఉంటే, ఆ విషయం తరువాత కొన్నవారికి తెలిసినట్లే భావిస్తుంది. అందువలన ఈసీ తీయించడం, లింకు దస్తావేజులు చూడడం, ఆస్తిని స్వయంగా వెళ్ళి చూసి ఎవరి అనుభవంలో ఉందో విచారించడం కొనుగోలుదారు కనీస జాగ్రత్తలుగా పరిగణించబడతాయి.

అయితే సాధారణ జాగ్రత్త అంటే గోడలు పగలగొట్టి చూడడం కాదు. రంగు వేసి కప్పిన పగులును, టైల్సు కింద ఉన్న ఊటను కనుగొనలేదని కొనుగోలుదారును తప్పుపట్టలేరు.

హక్కుపై హామీ

ఆస్తిపై హక్కు విషయంలో చట్టం మరింత కఠినంగా ఉంది. తాను బదిలీ చేస్తున్నట్లు చెప్పిన హక్కు నిజంగా ఉందనీ, దానిని బదిలీ చేసే అధికారం తనకు ఉందనీ అమ్మకందారు హామీ ఇచ్చినట్లే భావించాలని 55(2) చెబుతుంది. దస్తావేజులో ఆ మాట రాయకపోయినా ఈ హామీ వర్తిస్తుంది. దీనికి అమ్మకందారుకు లోపం తెలిసి ఉండాలనే నియమం లేదు. ఈ హామీ ఆస్తితో పాటే బదిలీ అవుతుంది కనుక, తరువాత కొన్నవారు కూడా దీనిని అమలు చేయించుకోవచ్చు.

"ఉన్నది ఉన్నట్లుగా" షరతు

55వ సెక్షను "విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు" అనే మాటలతో మొదలవుతుంది. కాబట్టి ఇరుపక్షాలూ ఒప్పుకొని కొన్ని బాధ్యతలను మార్చుకోవచ్చు. ఆస్తి పాతదని, మరమ్మతులు కొనుగోలుదారే చేసుకోవాలని, అందుకే ధర తగ్గించామని రాసుకోవడంలో తప్పు లేదు. కానీ ఒప్పందం ఉద్దేశం మోసపూరితమైతే అది చెల్లదని ఒప్పందాల చట్టం 23వ సెక్షను చెబుతుంది. కనుక మోసం చేయడానికి ముందుగానే అనుమతి తీసుకునే పత్రంగా ఈ షరతును వాడుకోవడానికి వీలు లేదు.

దీనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. రామయ్య తన 30 ఏళ్ళ నాటి ఇంటిని "ఉన్నది ఉన్నట్లుగా" సోమయ్యకు అమ్మాడనుకుందాం. ఏడాది తరువాత వంటగది కింద గొట్టం పగిలింది. అది బలహీనంగా ఉన్న సంగతి రామయ్యకు కూడా తెలియదు. ఈ ఖర్చు సోమయ్యదే. అదే ఇంటి పునాది కుంగుతున్నదని అమ్మకానికి ముందే ఒక ఇంజనీరు రామయ్యకు చెప్పాడనీ, రామయ్య పగుళ్ళు పూడ్పించి, రంగు వేయించి అమ్మాడనీ అనుకుందాం. ఒప్పందంలోని షరతు రెండు సందర్భాలలోనూ ఒకటే. కానీ రెండవ సందర్భంలో సోమయ్య చూసినది ఇల్లు ఉన్న స్థితి కాదు, రామయ్య కనబరచిన స్థితి. "ఉన్నది ఉన్నట్లుగా" అనే మాటకే అక్కడ అర్థం లేకుండా పోయింది.

వేలం విక్రయాలు

బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఆస్తులను వేలం వేసేటప్పుడు, "ఎక్కడ ఉన్నది అక్కడే, ఏది ఉన్నది అదే" అనే అర్థం వచ్చే మాటలను ప్రకటనలలో వాడతాయి. బ్యాంకు ఆ ఆస్తిలో నివసించినది కాదు గనుక దాని స్థితిగతులు పూర్తిగా తెలియవనేది ఇందుకు కారణం. అయినా, తమకు తెలిసిన భారాల వివరాలను విక్రయ నోటీసులో ఇవ్వాలని ఆ చట్టం కింద చేసిన నియమాలు చెబుతున్నాయి.

ఈ విషయమై సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు గమనించదగినవి. హర్యానా ఆర్థిక సంస్థకు సంబంధించిన కేసులో (2009) ఆ సంస్థ అమ్మకానికి పెట్టిన స్థలానికి సొంత దారి లేదు. బయానా చెల్లించిన తరువాత ఈ సంగతి తెలిసి కొనుగోలుదారు మిగిలిన సొమ్ము కట్టలేదు. సంస్థ బయానాను జప్తు చేసుకుంది. దారి లేకపోవడం 55(1)(ఎ) కింద వెల్లడించవలసిన ముఖ్యమైన లోపమనీ, దానిని చెప్పకుండా బయానాను జప్తు చేయడం చెల్లదనీ కోర్టు నిర్ణయించింది.

కేరళ రాష్ట్ర విద్యుత్ బోర్డు కేసులో (2023) ప్రశ్న వేరు. వేలంలో కొన్న ఆస్తిపై పాత యజమాని విద్యుత్ బకాయిలు ఉన్నాయి. "ఉన్నది ఉన్నట్లుగా" అనే షరతు ఆస్తి భౌతిక స్థితికే గాక బకాయిలు, భారాలకు కూడా వర్తిస్తుందనీ, వేలంలో పాల్గొనేవారు వాటిని ముందుగా విచారించుకోవాలనీ కోర్టు వివరించింది. విద్యుత్ బకాయిల సంగతి సంబంధిత కార్యాలయంలో అడిగితే తెలిసేది. స్థలానికి దారి లేని సంగతిని మాత్రం అమ్మేవారే చెప్పవలసిందని కోర్టు భావించింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన చదివితే షరతు పరిధి బోధపడుతుంది.

బిల్డర్ల నుండి కొన్న ఇళ్ళు

పైన చెప్పిన నియమాలు ప్రధానంగా ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అమ్మే ఆస్తులకు సంబంధించినవి. బిల్డరు వద్ద కొత్తగా కొన్న ఫ్లాట్ల విషయంలో స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 అదనపు రక్షణ ఇచ్చింది. దీనినే వాడుకలో రెరా అంటారు. ఇందులోని 14(3) సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాలలోగా నిర్మాణ లోపం గానీ, పనితనం, నాణ్యత, సేవలలో లోపం గానీ బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. లేనిపక్షంలో నష్టపరిహారం చెల్లించాలి. ఇక్కడ ఆ లోపం బిల్డరుకు ముందే తెలుసునని నిరూపించవలసిన అవసరం లేదు. భూమి హక్కులో లోపం వలన నష్టం కలిగితే 18(2) సెక్షను కింద పరిహారం కోరవచ్చు. దీనికి కాలపరిమితి అడ్డు రాదు.

ఇళ్ళ నిర్మాణం వినియోగదారుల చట్టం కింద "సేవ" అవుతుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. రోడ్లు, మురుగు కాలువలు వంటి సౌకర్యాలు కల్పిస్తామని చెప్పి లేఅవుటు ప్లాట్లు అమ్మడం కూడా సేవేనని 2012లో నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో నిర్ణయించింది. ఈ రెండవ కేసు ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినది. ఏ సౌకర్యమూ కల్పించకుండా ఒక వ్యక్తి తన ఖాళీ స్థలాన్ని అమ్మడం మాత్రం దీని కిందకు రాదు.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో హక్కుకు, భూమి స్వభావానికి సంబంధించిన దాగిన లోపాలు తరచుగా వివాదాలకు దారితీస్తాయి.

చెరువు భూములు: చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం లోపలి భూమిలో నిర్మాణాలకు అనుమతి ఉండదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుల చుట్టూ 9 మీటర్లు నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా వదలాలి. వానలు తక్కువైన సంవత్సరాలలో చెరువు అంచు ఎండి మామూలు మైదానంలా కనిపిస్తుంది. ఆ సమయంలో స్థలం చూసినవారికి అక్కడ నీరు నిలుస్తుందనే అనుమానం రాదు. హైదరాబాదులో 2024 జూలైలో హైడ్రా సంస్థ ఏర్పడి చెరువులలోని నిర్మాణాలను తొలగించడం మొదలుపెట్టిన తరువాత ఈ అంశం విస్తృతంగా చర్చకు వచ్చింది.

అసైన్డు భూములు: భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాతి సవరణల ద్వారా కొన్ని మినహాయింపులు వచ్చాయి. మినహాయింపు వర్తించని భూమిని కొన్నవారికి హక్కు సంక్రమించదు.

నిషేధిత జాబితా: రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివాటి జాబితాను నిర్వహిస్తారు. ఈ జాబితాలో ఉన్న సర్వే నంబర్లను రిజిస్టరు చేయరు.

రిజిస్ట్రేషన్ జరిగింది కనుక ఆస్తి లోపరహితమని భావించడం సర్వసాధారణమైన పొరపాటు. భారతదేశంలో రిజిస్టరు అయ్యేది పత్రమే గానీ హక్కు కాదు. అమ్మకందారుకు నిజంగా హక్కు ఉన్నదని సబ్-రిజిస్ట్రారు ధ్రువీకరించరు. అదేవిధంగా ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. నోటిమాటపై జరిగిన కుటుంబ పంపకాలు, దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు, నీటిపారుదల శాఖ నోటీసు అందులో ఉండకపోవచ్చు. జీవితకాలపు పొదుపును, దానికి తోడు 20 ఏళ్ళ బ్యాంకు రుణాన్ని ఒకే దస్తావేజుపై పెట్టిన కుటుంబానికి ఈ భేదం చాలా ముఖ్యమైనది. ఇల్లు పోయినంత మాత్రాన రుణ వాయిదాలు ఆగవు.

నిరూపణ, పరిష్కారాలు

దాగిన లోపం కేసులలో కష్టమైన అంశం అమ్మకందారుకు లోపం ముందే తెలుసునని నిరూపించడం. పాత మరమ్మతు బిల్లులు, ఇంజనీరు నివేదికలు, పురపాలక సంఘం నోటీసులు, లోపం గురించి అద్దెదారులు రాసిన ఉత్తరాలు, గత కోర్టు కేసుల పత్రాలు ఇందుకు ఆధారాలవుతాయి. లోపమున్న చోట మాత్రమే కొత్తగా పూత వేయించడం కూడా ఒక సూచన కావచ్చు.

రిజిస్ట్రేషన్‌కు ముందే లోపం బయటపడితే కొనుగోలుదారు విక్రయాన్ని నిరాకరించి, చెల్లించిన సొమ్మును తిరిగి కోరవచ్చు. ఆ సొమ్ము కొరకు ఆస్తిపై అతనికి చార్జి హక్కు ఉంటుందని 55(6)(బి) చెబుతుంది. రిజిస్ట్రేషన్ తరువాత అయితే దస్తావేజు రద్దు కొరకు గానీ, నష్టపరిహారం కొరకు గానీ సివిల్ దావా వేయవలసి ఉంటుంది. రద్దు దావాకు, ఆ హక్కు కల్పించే విషయాలు తెలిసిన నాటి నుండి 3 సంవత్సరాల గడువు ఉంది. మోసం వలన విషయం దాగి ఉన్నప్పుడు, అది బయటపడిన నాటి నుండి, లేదా తగిన శ్రద్ధతో బయటపడగలిగిన నాటి నుండి మాత్రమే గడువు మొదలవుతుందని 1963 నాటి కాలపరిమితి చట్టం 17వ సెక్షను చెబుతుంది. లోపం తెలిసిన తరువాత కూడా ఆస్తిని తనదిగా అంగీకరించి వ్యవహరిస్తే రద్దు కోరే హక్కు పోవచ్చు.

ఒకసారి అమ్మిన ఆస్తినే ఆ సంగతి దాచి మరొకరికి అమ్మడం వంటివి నేరం కూడా అవుతాయి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను ఇటువంటి మోసాలకు వర్తిస్తుంది.

అమెరికాలో

అమెరికాలో ఆస్తి విక్రయ చట్టం రాష్ట్రాలవారీగా మారుతుంది. చెదలకు సంబంధించిన రెండు కేసులు అక్కడి మార్పును స్పష్టంగా చూపుతాయి. మసాచుసెట్స్‌లో ఒక బ్యాంకు 1938లో చెదలు పట్టిన ఇంటిని ఆ సంగతి చెప్పకుండా అమ్మింది. అబద్ధం చెప్పలేదు, అడ్డుకోలేదు, మౌనంగా ఉంది అంతే కనుక బాధ్యత లేదని 1942లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నిర్ణయించింది. 1960లో వాషింగ్టన్ రాష్ట్రంలో అటువంటి కేసులోనే వ్యతిరేకమైన తీర్పు వచ్చింది. చెదల సంగతి తెలిసిన యజమానులు, కొనుగోలుదారు ప్రత్యేకంగా అడగకపోయినా చెప్పవలసిందేనని అక్కడి సుప్రీంకోర్టు ప్రకటించింది.

కాలిఫోర్నియాలో 1963 నాటి లింగ్ష్ - సావేజ్ కేసు "ఉన్నది ఉన్నట్లుగా" షరతుపై తరచుగా ఉదహరించబడుతుంది. కొనుగోలుదారు చూడగలిగిన, గమనించగలిగిన స్థితికే ఆ షరతు వర్తిస్తుందనీ, దాచిన విషయాల నుండి అమ్మకందారును అది కాపాడదనీ ఆ తీర్పు సారాంశం. ఫ్లోరిడాలో 1985 నాటి జాన్సన్ - డేవిస్ కేసులో 3,10,000 డాలర్ల ఇంటి కిటికీ మూలన పెచ్చులూడడం, పైకప్పుపై మరకలు కొనుగోలుదారులు గమనించి అడిగారు. చిన్న సమస్య, ఎప్పుడో సరిచేశామని అమ్మకందారులు చెప్పారు. కొద్ది రోజులకు పెద్ద వాన కురిసి ఇంటిలోకి నీరు ధారగా వచ్చింది. ఆస్తి విలువను గణనీయంగా ప్రభావితం చేసే, సులభంగా కనిపించని విషయాలు తెలిసిన అమ్మకందారు వాటిని వెల్లడించాలని ఫ్లోరిడా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

దయ్యాల ఇంటి కేసు

న్యాయ విద్యార్థులకు బాగా తెలిసిన స్టాంబోవ్‌స్కీ - యాక్లీ కేసు న్యూయార్క్ రాష్ట్రంలోని నయాక్ గ్రామంలో ఉన్న ఒక ఇంటికి సంబంధించినది. ఆ ఇంటిలో దయ్యాలు ఉన్నాయని యజమానురాలు రీడర్స్ డైజెస్ట్ పత్రికలోనూ, స్థానిక పత్రికలలోనూ ప్రచారం చేసింది. వేరే ఊరి నుండి వచ్చిన కొనుగోలుదారుకు ఈ సంగతి తెలియదు. 6,50,000 డాలర్ల ధరకు ఒప్పందం కుదుర్చుకొని 32,500 డాలర్లు చెల్లించిన తరువాత తెలిసి ఒప్పందం రద్దు కోరాడు. ఒప్పందంలో "ఉన్నది ఉన్నట్లుగా" షరతు ఉంది. 1991 జూలై 18న అప్పీలు న్యాయస్థానం 3-2 ఆధిక్యంతో కొనుగోలుదారు రద్దు కోరవచ్చునని నిర్ణయించింది. మోసానికి నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. దయ్యాలు ఉన్నాయా లేవా అనే విచారణలోకి న్యాయస్థానం పోలేదు. ఉన్నాయని లోకానికి చాటిన యజమానురాలు, కోర్టులో లేవని చెప్పడానికి వీలులేదని పేర్కొంది. ఎంత జాగ్రత్తపరుడైన కొనుగోలుదారైనా ఇటువంటి విషయాన్ని పరిశీలించి కనుగొనలేడనేది తీర్పుకు మూలమైన తర్కం. తరువాత న్యూయార్క్ రాష్ట్రం కొన్ని రకాల అపకీర్తిని వెల్లడించనవసరం లేదని 1995లో చట్టం చేసింది.

వెల్లడి పత్రాలు

వివాదాలను ముందే నివారించడానికి అనేక రాష్ట్రాలు వెల్లడి పత్రాలను ప్రవేశపెట్టాయి. కాలిఫోర్నియాలో 1987 నుండి ఇల్లు అమ్మేవారు నిర్ణీత పత్రంలో తమకు తెలిసిన లోపాలను రాసి ఇవ్వాలి. న్యూయార్క్‌లో 2002 నుండి ఇటువంటి పత్రం ఉన్నా, దానికి బదులు కొనుగోలుదారుకు 500 డాలర్లు తగ్గించి తప్పించుకునే వీలు ఉండేది. 2024 మార్చిలో అమలులోకి వచ్చిన సవరణ ఆ వీలును తొలగించింది.

ఫ్రాన్సు, జర్మనీ

ఫ్రాన్సు పౌరస్మృతి 1641వ అధికరణం నుండి దాగిన లోపాలపై అమ్మకందారు హామీని వివరిస్తుంది. లోపం తనకు తెలియకపోయినా అమ్మకందారుదే బాధ్యత. ఆ బాధ్యత లేకుండా ముందే ఒప్పందంలో రాసుకోవచ్చునని 1643వ అధికరణం అనుమతిస్తుంది. లోపం ముందే తెలిసిన అమ్మకందారు ధరను తిరిగి ఇవ్వడమే గాక, కలిగిన నష్టాలన్నింటికీ పరిహారం చెల్లించాలని 1645వ అధికరణం చెబుతుంది. లోపం బయటపడిన నాటి నుండి 2 సంవత్సరాలలో దావా వేయాలి.

జర్మనీ పౌరస్మృతి 444వ సెక్షను ఇదే విషయాన్ని సూటిగా చెబుతుంది. బాధ్యతను మినహాయించే షరతు ఒప్పందంలో ఉన్నప్పటికీ, లోపాన్ని మోసపూరితంగా దాచిన అమ్మకందారు ఆ షరతును ఆధారం చేసుకోలేడు.